బర్గండీలో బెల్లం మాడిన రాత్రి

మా నాయన మీద ఒట్టు. పోయినవాళ్ళ మీద ఒట్టు పెట్టుకోకూడదంటారు, తెలుసు. అయినా పెడుతున్నాను, ఎందుకంటే ఇందులో సగం ఆయనదే. ఇది కథ కాదు. జరిగింది. నాకు జరిగింది... మా ఆవిడ సులోచన పక్కనే ఉంది, అడగండి.

ముందే చెబుతున్నాను, నేను తాగి లేను. ఫ్రాన్సులో వైన్ చేసే ఊళ్ళో, వైన్ చేసేవాళ్ళ ఇంట్లో, వాళ్ళ బల్ల దగ్గర కూర్చుని తాగలేదంటే ఎవరు నమ్ముతారు? మొన్న మా దాముకు చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు. దాము నా చిన్నప్పటి స్నేహితుడు, రాయపురంలో చేపల వ్యాపారం. "ఎన్ని గ్లాసులు పోసుకున్నావురా?" అన్నాడు. ఒక్క గుటక. అదీ మర్యాద కోసం.

ఇంకో మాట. దయ్యాలు అర్ధరాత్రి వస్తాయని మీరనుకుంటే మీ ఇష్టం. నాకు జరిగింది భోజనాల వేళ. బల్ల మీద దీపాలు వెలుగుతున్నాయి. నా ముందు పళ్ళెంలో కోడికూర పొగలు కక్కుతోంది. అప్పుడు జరిగింది.

ముందు నాయన సంగతి చెప్పాలి. అది తెలియకపోతే తర్వాతది తలా తోకా లేకుండా ఉంటుంది.

చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో మాది కాఫీపొడి కొట్టు. ముందు కొట్టు, వెనక గింజలు వేయించే రోస్టరు, పైన ఇల్లు. రోస్టరు తిరగడం మొదలుపెడితే కింద పిడుగు పడినా పైకి వినపడదు. నాయనది అసలే చిన్న గొంతు. అరిచి పిలిచే మనిషి కాదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాడు. నేను కిందికి రావాలంటే చిటికెడు బెల్లం తీసి, కాలుతున్న రోస్టరు మూత మీద వేసేవాడు. సుయ్... మని మాడేది. ఆ పొగ కాఫీ వాసనతో కలిసి మెట్ల సందులోంచి పైకి వచ్చేది. నేను చదువుకుంటున్నా, తింటున్నా, ఆఖరికి నిద్రపోతున్నా ముక్కు పట్టేసేది. "వస్తా ఉండా నాయనా" అంటూ దిగిపోయేవాణ్ణి. దాముకీ తెలుసు. వాడూ నేనూ మేడ మీద గోలీలు ఆడుతుంటే ఆ పొగ వచ్చేది. "మీ నాయన పిలుస్తా ఉండాడు రా" అని ఒక్కోసారి వాడే ముందు చెప్పేవాడు. అందరి ఇళ్ళలో కాలింగ్ బెల్లు ఉంటే మీ ఇంట్లో కాలే బెల్లమా అని సులోచన పెళ్ళయిన కొత్తలో ఎగతాళి చేసేది.

నాయన పోయాక మూత మీద ఎవరూ బెల్లం వేయలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు నా ముక్కు పోయింది. ముక్కంటే వాసన. జ్వరం వచ్చింది, పోయింది, పోతూ పోతూ వాసనను వెంట తీసుకుపోయింది. ఆ జ్వరం పడ్డ మిగతా అందరికీ కొన్ని వారాల్లో తిరిగొచ్చింది. నాకు రాలేదు. వచ్చే నెల వస్తుంది, వచ్చే నెల వస్తుంది అనుకుంటూ రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు దాముతో కలిసి హార్బరుకు వెళ్ళి, చేపలు వేలం వేసేచోట నిలబడ్డాను. జనం ముక్కులు మూసుకుని నడుస్తుంటే నేను ముక్కు ఎగబీల్చుకుంటూ నిలబడ్డాను... ఏమీ లేదు. తడిగాలి తగిలింది, అంతే. దాము అప్పుడు నవ్వలేదు. నా భుజం మీద చెయ్యి వేసి టీ తాగుదాం పద అన్నాడు.

కాఫీ వేయించేవాడికి ముక్కు పోవడమంటే ఏమిటో మీకు తెలియాలి. గింజను ఎప్పుడు దించాలో చెప్పేది ముక్కే. కాస్త ముందయితే పచ్చి, కాస్త ఆలస్యమైతే మాడు. వేగుతున్న గింజ చిటపటమంటుంది కదా, ఆ చప్పుడును చెవితో పట్టుకుని ఎలాగో నెట్టుకొచ్చాను. పాత గిరాకీలు మర్యాదస్తులు, మొహం మీద ఏమీ అనలేదు. ఒకరి తర్వాత ఒకరు రావడం మానేశారు. నాయన చేత్తో బిగించిన రోస్టరు అది. రోజూ దాని ముందు నిలబడి చెవి రిక్కించడం నాకు నామోషీగా ఉండేది. ఇంక ఆపేద్దామని లోపల్లోపల తేల్చుకున్నాను.

అప్పుడు ఎలెన్ మాట వచ్చింది. ఎలెన్ ఒక ఫ్రెంచి ఆవిడ. నా ముక్కు బాగున్న రోజుల్లో చెన్నై చూడ్డానికి వచ్చి, దారి తప్పి మా కొట్టు ముందు తేలింది. సులోచన కాలేజీలో మార్కులు బాగా పడతాయని ఫ్రెంచి తీసుకుంది. అన్నేళ్ళకు దానికి పని దొరికింది. ఇద్దరూ బెంచీ మీద కూర్చుని కాఫీ తాగుతూ ఏం చెప్పుకున్నారోగాని, లేచేసరికి అక్కచెల్లెళ్ళయ్యారు. బర్గండీ అనే సీమలో, ద్రాక్షతోటల మధ్య ఆవిడకు పాత రాతి ఇల్లుంది. పై గదులు అతిథులకిచ్చి, వాళ్ళే వండిపెడతారు. భర్త మార్సెల్ వైన్ చేస్తాడు. నా సంగతి సులోచన ఫోన్‌లో రాస్తే ఆవిడ జవాబు పంపింది. "మా ఆయన యాభై ఏళ్ళుగా ముక్కుతో బతుకుతున్నాడు. మీ ఆయన్ని తీసుకురా."

"ముక్కు ఈడ పోతే ఆడ దొరుకుతుందా?" అన్నాను.

"దొరికితే తెచ్చుకుందాం. దొరక్కపోతే సుమ్మా, ఊరికే తినేసి వద్దాం" అంది సులోచన.

ద్రాక్ష కోతల కాలంలో వెళ్ళాం. అబ్బా... ఆ చోటు. దువ్వెనతో దువ్వినట్టు కొండవాలు నిండా ద్రాక్ష తీగల వరసలు. సాయంత్రం వాటి మీద పడే ఎండ. ఊళ్ళో మనిషి అలికిడి లేదు, చర్చి గంట మోగితే అది ఆగేదాకా వినొచ్చు. వాషర్‌మెన్‌పేట్‌లో పుట్టినవాణ్ణి, అంత నిశ్శబ్దం నాకు మొదటి రెండ్రోజులు చెవుల్లో పోటు పెట్టింది.

ఇక భోజనం. వాళ్ళు తినడం చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. తొందర లేదు. ముందు రొట్టె వస్తుంది. పైపెంకు విరిస్తే కరకరమని మన మురుకులు విరిగినట్టే ఉంటుంది. తర్వాత వేడి సూపు. దాని తర్వాత కాసేపు మాటలు. తర్వాత ఎర్ర వైన్‌లో గంటలకొద్దీ ఉడికిన కోడి, ముట్టుకుంటే ఎముక నుంచి జారిపోయేది. చివర్లో చీజ్. అందులో ఒక రకం ఉంది, అది బల్ల మీదికి రాగానే సులోచన కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. నేను మాత్రం ముక్క మీద ముక్క కోసుకు తినేవాణ్ణి. ముక్కు లేకపోవడం నాకు కలిసొచ్చింది ఆ ఒక్కచోటే.

కానీ రుచి? నాలుకకు ఉప్పు తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది. అంతే. వాసన లేకపోతే రుచి లేదు. రాజుల భోజనం ముందు పెట్టుకుని దూది నమిలినట్టు నమిలాను. ఎలెన్ నా మొహం చూస్తూ ఉండేది, బాగుందని చెబుతానేమోనని. బాగుందనేవాణ్ణి. ఆ అబద్ధం చెప్పినప్పుడల్లా ఏడుపొచ్చేది.

మార్సెల్ జాలిపడలేదు. అది నాకు నచ్చింది. డెబ్బై దాటిన మనిషి, పెద్ద ముక్కు, చెవుల్లో తెల్ల వెంట్రుకలు. రోజూ నా ముందు గ్లాసులో కాస్త వైన్ పోసేవాడు. ఆయన తన గ్లాసులో ముక్కు పెట్టి కళ్ళు మూసుకుంటే బల్ల చుట్టూ మాట ఆగిపోయేది. తీర్థం తీసుకునేటప్పుడు కూడా మనం అంత నిశ్శబ్దంగా ఉండం. నన్నూ అలాగే చేయమన్నాడు. "ఏమీ రాకపోయినా పెట్టు. తలుపు తీసి ఉంచడం నీ పని" అని సులోచన చేత చెప్పించాడు. నేను మర్యాదకు ఒక్క గుటక తప్ప తాగకుండా ముక్కు మాత్రం పెట్టి కూర్చునేవాణ్ణి. తలుపు తీసే ఉంది. ఎవరూ రాలేదు.

ఒక రాత్రి బల్ల దగ్గర మా నాయన గురించి చెప్పాను. కొట్టు, రోస్టరు, వాసనతో పిలవడం. సులోచన ఫ్రెంచిలో చెప్పింది. బెల్లం సంగతి కూడా చెప్పాననే నా గుర్తు. సులోచన మాత్రం బెల్లాన్ని ఫ్రెంచిలో ఏమనాలో తెలియక ఆ ముక్క వదిలేశానంటుంది. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు కొవ్వొత్తి.

వంటింటి మూలలో ఒక తలుపు. తీస్తే రాతిమెట్లు నేలమాళిగలోకి దిగుతాయి. అక్కడ మనిషి ఎత్తు చెక్కతొట్లలో ద్రాక్షరసం పులుస్తూ ఉంటుంది. అతిథులు లోపలికి దిగవద్దని ముందే చెప్పారు, ఎందుకో చెప్పలేదు. మేమూ అడగలేదు. మెట్ల మధ్యలో, ఒక మెట్టు మీద, ఒక కొవ్వొత్తి ఎప్పుడూ వెలుగుతూ ఉండేది. ఏదో మొక్కుబడి అనుకున్నాం.

ఆ సాయంత్రం తలుపు పక్కన మేకుకు వేలాడుతున్న ఉల్లిపాయల గుత్తి తెమ్మని ఎలెన్ సులోచనను పంపింది. వెనకే నేనూ వెళ్ళాను. సులోచన ఉల్లిపాయలు తీసుకుంది. కిందికి చూసింది. "చూడండి, దీపం నేల మీద పెట్టుండారు. దిగేవాళ్ళ కాలు తగలదా? పాపం గదా" అంది. నాలుగు మెట్లు దిగి, కొవ్వొత్తి తీసి, పైన గోడలో తల ఎత్తున ఉన్న గూట్లో పెట్టింది. గూడు కూడా అచ్చం దీపం గూడులాగే ఉంది. దానికి దండం పెట్టుకుంది.

"ఇప్పుడు బాగుండాది" అన్నాను నేను కూడా.

అంతే. మేం చేసింది అంతే. మనవాళ్ళెవరైనా అదే చేస్తారు.

రాత్రి భోజనానికి మేం నలుగురమే. చలి మొదలైంది, పొయ్యిలో కట్టెలు చిటపటమంటున్నాయి. సూపు అయిపోయింది. కోడికూర వచ్చింది. మార్సెల్ గ్లాసు వాసన చూసి పెదవి విరిచాడు. ఈ కూరకు ఇది కాదు, ఇంకోటి తెస్తానని లేచాడు. టార్చి తీసుకుని వంటింట్లోకి వెళ్ళాడు. తలుపు కిర్రుమంది. మళ్ళీ మూసుకుంది. ఎలెన్, సులోచన ఏదో పచ్చడి గురించి మాట్లాడుకుంటున్నారు. నేను కోడిముక్క నోట్లో పెట్టుకున్నాను. గోడగడియారం టిక్కు టిక్కు... కట్టె ఒకటి విరిగి బూడిదలో పడింది. మార్సెల్ రాలేదు. సీసా ఎంచడంలో ఆయన ఎప్పుడూ అంతే, ఎవరికీ తొందర లేదు.

అప్పుడు...

మొదట మెడ వెనక చల్లగా అయింది. ఎవరో నా కుర్చీ వెనక నిలబడినట్టు. తిరిగి చూశాను, ఎవరూ లేరు. గోడ. గోడ మీద నా నీడ.

తర్వాత వచ్చింది.

సన్నగా. దారప్పోగంత. ఎడమవైపు నుంచి. అదేమిటో నాకు వెంటనే తెలియలేదు, ఎందుకంటే రెండేళ్ళుగా నా ముక్కులోకి ఏదీ రాలేదు. ఎండిపోయిన కుళాయిలో నీళ్ళొస్తే ముందు గాలి బుసకొడుతుంది చూడండి, అలా ముక్కులో ఏదో కదిలింది. మంట పుట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకోసారి పీల్చాను...

కాఫీ గింజ. కాలే ఇనుము. బెల్లం.

మాడుతున్న బెల్లం.

చెంచా చేతిలోంచి జారి పళ్ళెంలో పడింది. నోట్లో ముద్ద అలాగే ఉంది. నా ప్రమేయం లేకుండా నా గొంతులోంచి మాట వచ్చేసింది.

"వస్తా ఉండా నాయనా."

సులోచన మొహం పాలిపోయింది. "ఎవరితో మాట్లాడతా ఉండారు?"

"నీకు రాలా? బెల్లం..."

"ఏం బెల్లం? కోడికూర వాసనే."

ఎలెన్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. నేను లేచాను. లేవాలని అనుకోలేదు, కాళ్ళు లేచాయి. చిన్నప్పుడు పుస్తకం ఎక్కడిదక్కడ వదిలేసి దిగినట్టే. భయం లేదండీ. అది చెప్పాలి. ఒళ్ళంతా గగుర్పాటు, కానీ భయం లేదు. సంతోషం. పిలుస్తున్నాడు, పోవాలి. అంతే తోచింది.

వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి దగ్గర ఆగి పీల్చాను. అక్కడ తగ్గింది. కిటికీ దగ్గర అసలు లేదు. మూల తలుపు వైపు తిరిగితే చిక్కబడింది. తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేశాను... ఇనుము మంచులా చల్లగా ఉంది. మొహానికి మాత్రం రోస్టరు సెగ కొడుతోంది. తలుపు తీశాను. మా ఇంటి మెట్ల సందులో నిలబడ్డట్టే, ముక్కు నిండా, గుండె నిండా వాసన.

గూట్లో కొవ్వొత్తి నిలకడగా వెలుగుతోంది. కింద చీకటి. ఆ చీకట్లో తొట్లు గుడగుడ... గుడగుడ... అన్నం ఉడికే చప్పుడులా. నేల మీద టార్చి పడి ఉంది. దాని వెలుతురు ఒక తొట్టి అడుగు మీద పడుతోంది.

"మార్సెల్" అన్నాను.

గుడగుడ.

గూట్లోంచి కొవ్వొత్తి తీసుకుని దిగాను. కొన్ని మెట్లు దిగానో లేదో మంట వంగింది. గాలి లేదు. అయినా వంగింది. చిన్నదైంది... నీలంగా అయింది... ఒత్తి కొసన ఆవగింజంత ఎర్రగా మిగిలింది. పోయింది.

దానితోపాటే వాసన కూడా పోయింది. మెల్లగా తగ్గలేదు, వెనక్కి జరగలేదు. కొట్టు షట్టరు దించినట్టు ఒక్కసారిగా. మళ్ళీ అదే ఖాళీ.

అప్పుడు భయం వేసింది.

వెనక ఎలెన్ కేక పెట్టింది. దాని మీదే సులోచన గొంతు. "ఊపిరి పీల్చొద్దంట. ఊపిరి పీల్చొద్దు, పైకి రాండి." నోరు బిగించాను. ఆ క్షణంలోనే నా కాళ్ళ దగ్గర తెల్లగా ఏదో కనిపించింది. చెయ్యి. మెట్టు మీదికి చాచిన చెయ్యి. మార్సెల్ చివరి మెట్ల మీద బోర్లా పడి ఉన్నాడు, తల పైమెట్ల వైపు, మావైపు.

వంగి ఆయన మణికట్టు పట్టుకున్నాను. సులోచన నా బెల్టు వెనక నుంచి రెండు చేతులతో పట్టుకుంది. ఎలెన్ సులోచన నడుం పట్టుకుంది. లాగాం. తలలో డప్పులు మోగాయి. ఛాతీ పగిలిపోతుందనిపించింది. ఒక మెట్టు... ఇంకో మెట్టు... ఆయన బూటు ఎక్కడో తట్టుకుంది, ఊడింది. పైన తలుపు దగ్గర ముగ్గురం ఆయన మీదే కూలబడ్డాం. పెరట్లోకి ఈడ్చాం. పైన అన్ని చుక్కలు నేనెప్పుడూ చూడలేదు. ఆ చుక్కల కింద, ఎంతసేపటికో, ఆయన రొమ్ములోంచి చేదబావి గిలక లాగినట్టు ఒక చప్పుడు వచ్చింది. ఊపిరి.

అంబులెన్సు వచ్చింది. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నారు.

అప్పుడు చెప్పింది ఎలెన్. ద్రాక్షరసం పులిసేటప్పుడు ఒక గాలి పుడుతుందట. రంగు లేదు, వాసన లేదు. బరువైన గాలి కాబట్టి నీళ్ళలాగా నేలమీద నిండుతూ మెట్లెక్కుతుందట. మెట్టు మీద కొవ్వొత్తి దానికి కాపలా. అది ఆరితే దిగకూడదు. కొత్త మిషన్లు ఉన్నాయి, మార్సెల్ వాటిని నమ్మడు. ఆ రాత్రి తలుపు తీశాడు, వెలుగు కనిపించింది, దిగిపోయాడు. అది ఎక్కడుందో చూసుకోలేదు. అన్నేళ్ళ అలవాటు.

సులోచన పెరట్లో మట్టిలో కూర్చుండిపోయింది. "నా చేత్తో తీసి పైన పెట్టినా. దండం పెట్టి మరీ పెట్టినా" అని అదే మాట. ఎలెన్ ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. మేం చెప్పకపోవడమే తప్పంది. మొగుణ్ణి ఆస్పత్రికి పంపిన మనిషి, మా ఆవిణ్ణి ఓదార్చింది. ఆ ఇంటికి నేను ఎప్పటికీ దండం పెడతాను.

మరి ఆ వాసన?

ఆ రాత్రే వంటిల్లంతా వెతికాను. బెల్లం ఎక్కడిది అక్కడ? వెళ్ళేముందు కానుకగా ఇద్దామని తెచ్చిన కాఫీ పొట్లం పైగదిలో, పెట్టెలో, అంటించిన కాగితం అంటించినట్టే ఉంది. ఎలెన్‌కు ఏ వాసనా రాలేదు. సులోచనకు రాలేదు. పొయ్యి మీద ఏదీ మాడలేదు.

మర్నాడు ఆస్పత్రికి వెళ్ళాం. మార్సెల్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. కొవ్వొత్తి సంగతి సులోచన తనే చెప్పింది. ఆయన విని, ఆమె చెయ్యి తీసుకుని తన బుగ్గకు ఆనించుకున్నాడు. తర్వాత నావైపు చూసి చాలాసేపు ఏదో చెప్పాడు. సులోచన ఆయన్ని ఇంకోసారి చెప్పమంది.

"ఏందంట?"

"తొట్ల దాకా పోయినాడంట. ఏదో వాసన వచ్చిందంట... తియ్యగా, మాడినట్టు. పొగ. ద్రాక్షది కాదంట. నా మాళిగలో ఇదేందని మెట్ల వైపు తిరిగినాడంట. రెండడుగులు వేసినాడంట. ఆ మీదట ఏం తెలీదంట."

తిరగకపోయి ఉంటే తొట్ల వెనక పడేవాడు. మా చేతికి అందేవాడు కాదు.

యాభై ఏళ్ళు వాసనలు విడమర్చి చెప్పిన ముక్కు అది. అదేమిటో మాత్రం తనకు తెలియదన్నాడు. నన్నే అడిగాడు. మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాను.

చెన్నై వచ్చాక డాక్టరుకు చెప్పాను. వాసన పోయినవాళ్ళకు లేని వాసనలు వస్తాయట, అందులోనూ మాడు వాసనలే ఎక్కువట. సరే. మరి మార్సెల్‌కు? ప్రాణవాయువు తగ్గితే మెదడు ఏవేవో చూపిస్తుందట. దానికీ సరే. రెండు తాళాలకు రెండు తాళంచెవులు ఇచ్చాడు. ఇద్దరికీ ఒకే వాసన ఎందుకొచ్చిందయ్యా అంటే, మీరు ముందే ఆయనకు ఆ కథ చెప్పారేమో, మనసులో ఉండిపోయిందేమో అన్నాడు. చెప్పాననే నేనంటాను. బెల్లం మాట తన నోట రాలేదని సులోచన అంటుంది. ఇప్పటికీ మా ఇద్దరికీ దాని మీద గొడవే.

వాసన మళ్ళీ రాలేదు. ఆ ఒక్క రాత్రే, ఆ ఒక్క వాసనే. కానీ రోస్టరు ఆపలేదు. ఆపలేకపోయాను. ఒకసారి పిలుపు వచ్చిన దారి మూసేయడానికి మనసు ఒప్పలేదు. ఇప్పుడు సులోచన నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటుంది. చెవి నాది, ముక్కు ఆమెది. "ఇంగ దించండి" అంటే దించుతాను. పాత గిరాకీలు కొందరు తిరిగొచ్చారు.

ఇంకొకటి ఉంది. ఇది దాముకు కూడా చివర్లోనే చెప్పాను.

ఆ రాత్రి నేను తొడుక్కున్న నీలంగళ్ళ చొక్కా. ఊరికి వచ్చాక సులోచన బట్టలు ఉతకడానికి తీస్తూ దాన్ని పట్టుకుని ఆగిపోయిందట. ఉతకలేదు. మడతపెట్టి బీరువాలో పెట్టింది. నాకు చెప్పింది చాలా రోజుల తర్వాత, అదీ రోస్టరు హోరులో, నా మొహం చూడకుండా. "మామ పిలిచే వాసన" అంది. అంతకు మించి చెప్పదు. అంతకుముందు అదే పెట్టెలో కాఫీ పొట్లం ఉండింది కదా అని మీరంటారు. నేనూ అదే అనుకుంటాను. కాఫీ సరే...

మొన్న దాము పొట్ట పట్టుకుని నవ్వాడన్నానే, అప్పుడు నాకు రోషం వచ్చింది. మేడ మీదికి వెళ్ళి ఆ చొక్కా తెచ్చి వాడి చేతిలో పెట్టాను. "మా ఆవిడ మాట నమ్మొద్దు, నా మాట నమ్మొద్దు. నువ్వు చూసి చెప్పు" అన్నాను. వాడు నవ్వుతూనే అందుకున్నాడు. నవ్వుతూనే ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

నవ్వు ఆగింది.

చొక్కా మొహం మీద నుంచి తీయలేదు. చాలాసేపు. కొట్టు ముందు ఆటో ఒకటి వచ్చి, ఆగి, పోయింది. వాడు మెల్లగా తలెత్తి మేడమెట్ల వైపు చూశాడు.

"మీ నాయన..." అన్నాడు.

చొక్కా జాగ్రత్తగా మడతపెట్టి నా ఒళ్ళో పెట్టాడు. కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

వాడు పోయాక షట్టరు సగం దించి, నేనూ చూశాను. మొహమంతా అందులో పెట్టుకుని, ఊపిరితిత్తులు నిండేదాకా పీల్చాను. మెత్తగా ఉంది. కాస్త చెమ్మగా ఉంది, అది నా కన్నీళ్ళేమో. వాసన మాత్రం... నాకు తెలియదు.